మన కరుణకు లైన్ వచ్చింది

తడ,
శనివారం పొద్దున.

మరియమ్మక్కకు నీ తమ్ముడు యేసురత్నం రెండు చేతులూ జోడించి చెప్పే వందనాలు. ప్రభువు దయవల్ల నేను, కరుణ, అల్లుడు బాగున్నాం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? కోడలు వేళకు మాత్రలు ఇస్తోందా? ఫోన్ చేస్తే నీకు సరిగా వినపడదు, నేను అరవాలి, అరిస్తే పక్కింటివాళ్ళు పోట్లాట అనుకుంటున్నారు. అందుకే ఉత్తరం. కోడలిచేత రెండుసార్లు చదివించుకో. ఒకసారి సుబ్బమ్మను కూడా పిలిపించు, ఆమె సంగతీ ఇందులో ఉంది.

ఇక ఆపుకోలేను, చెప్పేస్తున్నాను. మన కరుణను బూట్ల కంపెనీలో లైన్ లీడర్‌ని చేశారక్కా! నెలరోజులు పెట్టి చూసి నిన్న ఖాయం చేశారు. ముప్ఫైమంది ఆడవాళ్ళకు మన పిల్ల పెద్ద. మన అమ్మ ఉండి ఉంటే ఎంత మురిసిపోయేదో.

లైన్ అంటే ఏందిరా అంటావు నువ్వు. మన ఊళ్ళో నేనెరిగిన లైన్లు రెండే, కరెంటు లైను, నాట్ల లైను. ఇక్కడ లేచింది మొదలు అన్నిటికీ అదే మాట. మా ఇల్లు మూడో లైన్‌లో ఉంది. ఇళ్ళన్నిటికీ ఒకటే రంగు, ఒకటే తలుపు. వచ్చిన కొత్తలో రెండో లైన్‌లో ఎవరింట్లోకో పోయి చెప్పులు విడిచి కూర్చున్నాను. ఆ ఇల్లాలు మంచిది, మంచినీళ్ళిచ్చి పంపింది. నీళ్ళ ట్యాంకర్ వస్తే బిందెలు లైన్‌లో పెట్టాలి. ఫోన్ మధ్యలో ఆగితే లైన్ కట్ అయిందంటారు. ఆదివారం పాస్టరు గారు పాటలో రెండో లైన్ మళ్ళీ అందుకోమంటారు. నిన్న సంతోషం పట్టలేక టీ బంకులో “మా అమ్మాయికి లైన్ ఇచ్చినారు” అన్నాను. టీ కాసే మస్తాన్ ఒకటే నవ్వు. “ఆ మాట గట్టిగా అనబాక పెద్దాయనా! ఈడ లైన్ ఇచ్చిందంటే ప్రేమ యవ్వారం అనుకుంటారు” అన్నాడు. నేనూ నవ్వి, అక్కడున్న అందరికీ టీ ఇప్పించాను.

కంపెనీలో లైన్ అంటే కుట్టుమిషన్ల వరస. ఒకరు ఒక ముక్క కుట్టి పక్కవాళ్ళకు అందిస్తారు, వాళ్ళు ఇంకో ముక్క అతికించి అవతలికి ఇస్తారు. ఒక్కరు ఆలస్యం చేస్తే ఆ వెనక వాళ్ళంతా చేతులు కట్టుకుని కూర్చోవాలి. కరుణ లైన్‌లో సెల్వి అని సరిహద్దు అవతల తమిళ ఊరి నుంచి వచ్చే మనిషి ఉంది. భర్త లేడు. చేయి నిదానం. బూటు లోపలి గుడ్డ కుట్టే పని ఆమెది, ఆమె ముందు ముక్కలు కుప్పగా పడుతున్నాయట. పై సూపర్‌వైజరు ఆమెను తీసేయమన్నాడు. తీయకపోతే రోజుకు ఇన్ని జతలన్న లెక్క రాదు, లెక్క రాకపోతే నీకు లైన్ ఉండదు అన్నాడు.

ఆ పూట కరుణ అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది, తినలేదు. “తీసేస్తే ఆమెకు జరగదు నాయనా. ఉంచితే నాకు పోతాది” అంది.

నాకు సిగ్గుగా ఉందక్కా, అయినా నీ దగ్గర దాచను. “తీసెయ్యమ్మా, మనకెందుకు” అన్నాను.

కరుణ నావైపు చూసింది. “అత్త అయితే సుబ్బమ్మత్తను తీసేసిందా?” అంది.

నీకు గుర్తుంది కదా, నువ్వు కయ్యలో ఆడవాళ్ళచేత నాట్లు వేయించేటప్పుడు వరస తప్పకుండా పట్టే తాడు ఒక కొస నేను పట్టుకునేవాణ్ణి. బడి లేని రోజున రెండో కొస కరుణ పట్టుకునేది. సుబ్బమ్మది చేయి నిదానం. ఆమెను నువ్వు ఎప్పుడూ చివర నిలబెట్టలేదు. చేయి వేగం ఉన్న ఇద్దరి మధ్య పెట్టి, ఆమె వంతులో చెరో రెండు మొక్కలు వాళ్ళచేత నాటించేదానివి. ఆమె చేయి లేచేదాకా తాడు జరపనిచ్చేదానివి కాదు. నేను తొందరపడి లాగితే, “రేయ్, తాడు నీ అబ్బదా? ఆమె నడుము ఎత్తిందా చూడు!” అని తిట్టేదానివి. ఆ తిట్లన్నీ కరుణకు నోటికి వచ్చు.

మర్నాడు కరుణ పోయి సెల్విని ఇద్దరు గట్టి చేతుల మధ్య కూర్చోబెట్టింది. ముక్కలు కుప్పపడితే చెరొకటి అందుకోమని ఆ ఇద్దరికీ చెప్పింది. వారంలో కుప్ప తగ్గింది. మూడో వారానికి పక్క లైన్‌తో సమానంగా లెక్క వచ్చింది. ఇప్పుడు సెల్వి చేయి కూడా కాస్త సాగుతోందట.

నిన్న మేనేజరు గారు పిలిచి, ఈ పద్ధతి ఏ కంపెనీలో నేర్చుకున్నావని అడిగారట. “కంపెనీలో కాదు సార్, మా మేనత్త దగ్గర. విడవలూరు పక్కన వరి నాట్లు వేయించేది” అని చెప్పిందట మన పిల్ల. ఆయన అత్త పేరు కూడా అడిగారట. చెప్పింది. ఇంటికి వచ్చి ఇది చెబుతుంటే నాకు కళ్ళలో నీళ్ళు ఆగలేదు. సాయంత్రం సెల్వి మా ఇంటికి వస్తూ మల్లెపూలు తెచ్చి కరుణ తలలో తానే పెట్టి పోయింది.

నా గురించి బెంగపడకు. ఎండ మన దగ్గరలాగే ఉంది, గాలే తక్కువ. రోజూ సాంబారు, అదీ అలవాటైంది. పగలు ఇద్దరూ పనికి పోతే మాట్లాడే మనిషి ఉండడు, అంతే. అంత దిగులేం లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే ఎండురొయ్యలు కొంచెం పంపు. అటక మీద ఆ నాట్ల తాడు ఉంటే పారేయొద్దు, కరుణ అడిగింది.

చర్చిలో పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. సుబ్బమ్మకు మరీ మరీ చెప్పు. మా ముగ్గురి కోసం, సెల్వి కోసం ప్రార్థన చెయ్యి. మోకాళ్ళు తగ్గగానే నువ్వే రా. ఇళ్ళన్నీ ఒకటేలా ఉన్నాయని భయపడకు. మూడో లైన్‌కు వచ్చి కరుణ వాళ్ళ మేనత్తనని చెప్పు. కంపెనీ ఆడవాళ్ళందరికీ నువ్వు ఇప్పుడు తెలుసు, చేయి పట్టుకుని తీసుకొస్తారు.

నీ దీవెన కోరే తమ్ముడు,
యేసురత్నం