పంటు మీద పట్టుకున్న చెయ్యి

శుక్రవారం, రాత్రి.

ఛాతీలో పిల్లికూతలు తగ్గి పాప నిద్రపోయింది. నా కళ్ళలో మాత్రం ఇంకా గోదారి కదులుతూనే ఉంది.

ఇవాళ నరసాపురంలో డాక్టరుగారు ఊపిరి గొట్టం బొమ్మ గీసి, చుట్టూ పట్టీల్లా కండరం గీశారు. "దుమ్ము తగిలితే ఇది బిగుసుకుంటుందండి. ఇన్‌హేలర్ కాసేపు వదులు చేస్తుంది. అసలు ఈ కండరం తీరునే మార్చే మందుల కోసం వెతుకుతున్నారు. ఇంకా రాలేదు."

"దానికి భయమేస్తుందా అండీ?" అని అడిగింది పాప.

ఆయన నవ్వారు. "అలాగే అనుకోమ్మా. నిన్ను కాపాడుతున్నాననుకుని నొక్కేస్తుంది."

సాయంత్రం పంటు ఎక్కి గోదారి దాటుతుంటే, నీళ్ళెక్కడ ఆగి ఆకాశం మొదలైందో తెలియనంత వెలుతురు. పాప పెద్దదయ్యేలోపు ఆ మందు వస్తుందా అనుకుంటూ ఆలోచనల్లో ఎటో వెళ్ళిపోయాను.

"నాన్నా, వదులు. నేనేం పడిపోను."

చూస్తే దాని మణికట్టు మీద నా వేళ్ళ అచ్చులు ఎర్రగా ఉన్నాయి. వదిలేశాను. అది రెయిలింగ్ దగ్గరికెళ్ళి, నోరు తెరిచి గాలంతా తాగింది. ఏమీ కాలేదు.

ఇప్పుడు పక్కనే దాని ఊపిరి వింటూ ఇది రాస్తున్నాను. పెన్ను పట్టుకున్న వేళ్ళు తెల్లబడి ఉన్నాయి.