మంచం పక్క స్విచ్చు

నవంబరు 3

మా ఆవిడ మోరాగ్ చివరి రోజు గురించి ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. రాస్తాను. ఫిబ్రవరి, మంగళవారం. తెల్లవారాక అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ మీదికి మార్చబోతుంటే ఆగమంది. చెయ్యి చాపి మంచం పక్కనున్న హీటరు స్విచ్చు ఆపింది. ఇల్లు వదిలేటప్పుడు ఏ స్విచ్చూ వేసి ఉండనిచ్చేది కాదు. వార్డు ఉక్కగా ఉంది. కిటికీ తియ్యమంది. అది తెరుచుకునే రకం కాదు. మధ్యాహ్నం నిద్రపోయింది. టీ ట్రాలీ వచ్చేసరికి లేదు.

అంతే.

నవంబరు 6

అద్దె ఇళ్లలో హీటర్లు ఎలా వాడుకోవాలో చెప్పే నా పనిలో కొత్త ఇల్లు. మా హౌసింగ్ అసోసియేషన్ టవర్లో తొమ్మిదో అంతస్తు. మిసెస్ సీనా రంకిన్. ఎనభై దాటింది, జనపనార మిల్లులో పనిచేసింది. న్యుమోనియాతో ఆసుపత్రికి వెళ్లి ఈమధ్యే వచ్చింది. ఇంకోసారి ఆ జబ్బు వస్తే ఈ చల్లటి ఇంటికి పంపరట, వృద్ధాశ్రమానికేనట. నవ్వుతూనే చెప్పింది. చెయ్యి మాత్రం కుర్చీని గట్టిగా పట్టుకుని ఉంది.

హీటరు పాడవలేదు. రాత్రి చవక కరెంటుతో దాని లోపలి ఇటుకలు వేడెక్కాలి, పగలంతా ఆ వేడిని వదలాలి. ఈవిడ పడుకునే ముందు ఇంట్లో స్విచ్చులన్నీ ఆపేస్తుంది. టీవీ, కేటిల్, హీటరు. పొద్దున్న లేచి వేస్తుంది. అప్పటికి చవక గంటలు అయిపోతాయి. ఇక రోజంతా చిన్న ఫ్యాను హీటరు, ఖరీదైన కరెంటు. చలికి చలీ, బిల్లుకు బిల్లూ.

ఇదంతా విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విన్నది. స్విచ్చులు ఆపకుండా పడుకునేది తాగుబోతులే అబ్బాయ్ అంది.

నవంబరు 10

స్విచ్చు కదలకుండా టేపు అంటించి వచ్చాను.

నవంబరు 13

టేపు ఆవిడ చెప్పుకి ఉంది. మంచి టేపు నాయనా, ఊడిన అట్ట కరుచుకుపోయింది, ఇంకాస్త ఉంటే రెండో కాలిదీ బాగుచేసుకుంటాను అంది.

గది పదమూడు డిగ్రీలు. మంటల భయం పోతుందేమోనని పొగ అలారం నొక్కి మోగించి చూపించాను. రాత్రిపూట దాన్నెలా ఆపాలి అని అడిగింది.

నవంబరు 14

ఒక్కో ఇంటికి రెండుసార్లే వెళ్లాలట. మా పై అధికారి లోర్నా గుర్తుచేసింది. కరపత్రం ఇచ్చావా అంది. ఇచ్చాను. దాని మీద మఫ్లరు కట్టుకున్న ధ్రువపు ఎలుగుబంటి నవ్వుతూ ఉంటుంది. మరింకేం, సలహా అందినట్టే కదా అంది.

అందింది. ఆవిడ దాన్ని టీ కప్పు కింద పెట్టుకుంది.

నవంబరు 19

సెలవు పెట్టి సీనా ఇంటికి వెళ్లాను. దగ్గు మళ్లీ మొదలైంది. హీటరు చల్లగా ఉంది. చిన్నప్పుడు వాళ్ల కింది వాటాలో మంటలు లేచాయట. ఆనాటి నుంచి వాళ్ల నాన్న రాత్రి ఇల్లంతా తిరిగి అన్నీ ఆపి గానీ పడుకునేవాడు కాదట. ఆయన పోయాక ఆ పని తనది.

ఇది ఆ కాలపు వైరింగు కాదన్నాను. గొంతు పెరిగింది. ఇంతవరకూ ఏ ఇంట్లోనూ అరవలేదు.

ఆవిడ బెదరలేదు. అరిచేవాడికి టీ అవసరం అంది. కోటు తీసి ఇమ్మంది. అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇదేం చెమ్మ కంపు అబ్బాయ్, ఎక్కడుంటున్నావు, పడవలోనా అంది.

ఇంట్లోనే అన్నాను. కోటు పడకగది తలుపు వెనక తగిలిస్తానని కూడా చెప్పాను.

తడి జనపనార మధ్య బతికిన ముక్కు ఇది, నాకు చెప్పకు అంది. ఆ గదిలో హీటరు వేస్తున్నావా అంది.

లేదన్నాను. మా ఆవిడ ఆపిందన్నాను.

అయితే ఆవిడనే వెయ్యమను అంది.

నా మొహం చూసి కేటిల్ వైపు తిరిగింది. రెండు కప్పుల టీ పోయడానికి చాలాసేపు పట్టింది. ఎప్పుడు అంది. ఫిబ్రవరిలో అన్నాను.

టీ సగం తాగాక బేరం పెట్టింది. మీ ఆవిడ ఆపినదాన్ని నువ్వు ముట్టుకోవు. మా నాన్న చెప్పింది నేను మానను. ఇద్దరం చలికి పోతాం, ముందు నేనే. నువ్వు వెయ్యి, నేనూ ఆపను. అబద్ధం చెప్పావో, నీ కోటు చెప్పేస్తుంది.

నవంబరు 20

వెయ్యలేదు. గది గుమ్మం దాకా వెళ్లాను.

ఎందరి ఇళ్లలోనో ఆ స్విచ్చు నేనే వేశాను.

నవంబరు 22

సీనా ఫోను చేసింది. వేశావా అంది. లేదన్నాను. సరే, నాదీ లేదు అంది. ఫోను దూరంగా పెట్టి దగ్గింది. అయినా వినిపించింది.

నవంబరు 23, సాయంత్రం

వేశాను. చిన్న చప్పుడు, అంతే.

సీనాకు చెప్పాను. ఆపకుండానే పడుకుంటుందట. ఇల్లు తగలబడితే పూచీ నాదేనట.

రేపు పొద్దున్న రెండు హీటర్ల మీదా చెయ్యి పెట్టి చూస్తాను. ముందు మాది.