అలమారా వెనక

అన్నయ్యా,

నీ కొట్టు నుంచి పంపిన ఖరీదైన కేబుల్, కరెంటుని శుభ్రం చేసే ఆ పెట్టె క్షేమంగా చేరాయి. ఇక పరీక్షలు మొదలు. మీ బావగారు పాట ఆపి కళ్ళు మూసుకుంటారు. నేను స్పీకర్ల అలమారా వెనక దూరి పాత కేబులో కొత్తదో పెట్టాలి. ఏది పెట్టానో చెప్పకూడదు, ఆయనే విని కనిపెట్టాలి.

నిన్న ఆసుపత్రి డ్యూటీలో రోజంతా నిలబడి వచ్చాను. ఒళ్ళు సహకరించలేదు. పాత కేబుల్ అలాగే ఉంచి, గోడకి ఆనుకుని పది నిమిషాలు ఊరికే కూర్చుని, పాట పెట్టాను.

"ఆహా! ఇప్పుడు చూడు, గొంతు ఎలా విచ్చుకుందో! కొత్తదే కదూ?" అన్నారు.

"ఊఁ" అన్నాను.

ఈ మాట ఆయన చెవిన వేయకు. ఈ ఇంట్లో నన్నెవరూ పిలవని చోటు అదొక్కటే. ఈసారి బిగించడానికి ఇంకాస్త ఎక్కువసేపు పట్టేది చూసి పంపు.

నీ చెల్లెలు