శాలువా కప్పేది నేను కాదు

బుల్లీ, అన్నం గిన్నెలో మూతపెట్టి ఉంచాను, తిన్నాకే కంప్యూటర్ ముందు కూర్చో. మీ పెద్దమ్మకి జ్వరమట, చూసి ఎల్లుండి వస్తాను.

నువ్వు బిగించిన కొత్త కంప్యూటర్ ఇవాళ కూడా ఊరికే ఆగిపోయి, తనంతట తానే మళ్లీ మొదలవుతోంది. చూస్తే దాని మీద శాలువా. "దానికి చలేస్తుందా అమ్మమ్మా? వేడెక్కే ఆగిపోతోంది, ఎల్లుండి పరీక్ష అందులోనే రాయాలి" అని నిన్న నామీద ఎగిరావుగా. నేను కప్పలేదు తల్లీ. శాలువా బీరువాలో పెట్టి తాళం వేశాను. పొద్దున వంటింట్లోంచి వచ్చేసరికి మళ్లీ కప్పి ఉంది, అంచులు కిందికి దోపి మరీ.

అలా దోపేది మీ అమ్మ ఒక్కతే. పసితనంలో నీకు ఆయాసం, గుండెల్లో గుర్రుగుర్రుమనేది. ఆ చప్పుడు వినపడితే చాలు, చేతిలో పని వదిలేసి వచ్చి కప్పేది. పోయేటప్పుడు కూడా దానికి నీ ఆయాసం గురించే బెంగ. ఈ కంప్యూటర్ ఫ్యాను చప్పుడు అచ్చం అలాగే ఉంది, చెవి పెట్టి విను.

శాలువా నాతో తీసుకెళ్తున్నాను.

ఇంకో మాట. రేపు పరీక్ష రాస్తుంటే వెనక ఎవరో దుప్పటి పట్టుకుని నిలబడ్డట్టు అనిపిస్తే భయపడకు. "అమ్మా, నాకు ఆయాసం తగ్గిపోయింది" అని చెప్పు. ఆ సంగతి దానికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.