గుడారానికి కొత్త కర్ర

అమ్మా,

నేను కులాసా, బెంగపడకు. మన టుండ్రాలోకి అడవి ఎంత చొచ్చుకొచ్చిందో కొలిచేవాళ్ళతో పని బాగానే సాగుతోంది. మొన్న గాలికి గుడారం కర్ర విరిగితే, గుట్ట వెనక లార్చ్ చెట్టొకటి నరికి తెచ్చాను. నా చిన్నప్పుడు అక్కడ నాచు తప్ప ఏముండేది? ఫిన్లాండ్ నుంచి వచ్చిన తాపానీ గారు నెత్తి పట్టుకున్నారు.

"అయ్యో తల్లీ, అది మేం ఏటేటా కొలిచే చెట్టు!"

"ఏం పోయిందండీ, ఇకనుంచి గుడారంలో పడుకునే కొలుచుకోండి" అన్నాను. ఆయనకూ నవ్వాగలేదు.

తెల్లదూడ లేచి తిరుగుతోందా? బూట్లు పిగిలాయి, రెయిన్‌డీర్ నరాల దారం పంపు. నాన్నకు, అమ్మమ్మకు దండాలు.

మందతో ఇటు వచ్చేటప్పుడు గుడారం కర్రలు బండికెత్తకండి, ఇక్కడే దొరుకుతాయి. గొడ్డళ్ళు మాత్రం తెండి. మంద నడవాలంటే చెట్లు కొట్టి దారి చెయ్యాలి. చేద్దాం.

నీ హద్నె