ఉమ్మి సాక్ష్యం చెల్లదు

వేమవరపు ఛాయాదేవి అనే నేను, గుంటూరులో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరై, ప్రస్తుతం మిషిగన్ రాష్ట్రం నోవైలో అల్లుడింట ఉంటూ, ఎవరి బలవంతమూ లేకుండా, స్థిరబుద్ధితో రాసుకున్న వీలునామా. నా మతి మీద మా అబ్బాయికి అనుమానం. అతని బుద్ధి మీద నాకు అనుమానం. ఎందుకో కింద రాశాను.

1. అల్లుడు కర్టిస్‌కి నా ఇత్తడి కాఫీ ఫిల్టరు. ఈ ఇంట్లో డికాక్షన్ దిగేదాకా ఓపిక పట్టే మనిషి అతనొక్కడే. అందుకే ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా అతనిదే.

2. నా స్వార్జితమైన గుంటూరు బ్రాడీపేట ఫ్లాట్‌లో సగం, టెక్సస్ రాష్ట్రం ఇర్వింగ్‌లో ఉన్న కొడుకు ఉమాకాంత్‌కి, కింది షరతుకి లోబడి.

నిరుడు క్రిస్మస్‌కి ఇతను నా మనవరాలు అనుష్కకి డీఎన్ఏ టెస్టు కిట్ బహుమతిగా తెచ్చాడు. చెల్లెలు సుధ నల్లవాణ్ణి చేసుకుందని పెళ్ళికే రాని మేనమామకి హఠాత్తుగా ఇంత ప్రేమేమిటా అనుకున్నాను. సేల్‌లో ఉందమ్మా అన్నాడు. నాకూ ఒకటి తెచ్చాడు. ఊరికే గొట్టంలో ఉమ్మితే చాలట!

అనుష్క ఉమ్మింది. తండ్రి తరఫువాళ్ళు ఆఫ్రికాలో ఎక్కడివాళ్ళో తెలుసుకోవాలని దాని తపన. కర్టిస్ ముత్తాత దాకా చెప్పగలడు. ఆ పైవాళ్ళని బానిసలుగా అమ్మినవాళ్ళు పేర్లు పట్టించుకోలేదు. మన గోత్రం రుషిని మాత్రం ఎవరు చూశారు? అయినా దానికి రుజువుగా మనల్నెవరూ ఉమ్మమనలేదు.

రిజల్టు వచ్చింది. నైజీరియా, బెనిన్, ఘనా, కాస్త యూరప్. ఇండియా సున్నా. అప్పుడు మళ్ళీ వచ్చిన ఉమాకాంత్ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, అమ్మా, ఇది సుధ కన్నపిల్ల కాదు, అని గుసగుసలాడాడు. సుధ పోయి రెండేళ్ళయింది, మరి దాని వాటా ఎవరికి, అని అదే ఊపులో అడిగాడు.

పిచ్చి నాయనా, మా సుధ మెళ్ళో తాళి పడేనాటికే ఆ పిల్ల కర్టిస్ చంకలో ఉంది. కన్నతల్లి డెనీస్ పురిట్లోనే పోయింది. అనుష్క అని పేరు పెట్టి పెంచింది సుధ. ఈ సంగతి అనుష్కకి ఊహ తెలిసినప్పట్నుంచీ తెలుసు. పెళ్ళికి వచ్చుంటే నీకూ తెలిసేది.

3. సుధకి చెందవలసిన మిగతా సగం, నా బంగారు గాజులు, నా మనవరాలు అనుష్కకి సర్వహక్కులతో. అది ఏమీ రుజువు చెయ్యక్కర్లేదు. రుజువు అడిగినవారికి పై వాటా రద్దయి, నా కిట్‌లోని గొట్టం మాత్రం దక్కుతుంది. సీలు విప్పలేదు.

4. అనుష్కా, వచ్చే వేసవిలో బెనిన్ వెళ్తానంటున్నావు. కంపెనీ మొన్న లెక్క మార్చి నైజీరియాని తగ్గించి బెనిన్‌ని పెంచిందట. ఏడాదికోసారి ఊరు మార్చే పూర్వీకుల్ని నేను నమ్మను. నేను వంశపారంపర్యం పాఠంలో చెప్పిన బఠాణీ మొక్కలు కూడా అంత నిలకడ లేకుండా ఉండవు. అయినా వెళ్ళు. పర్సెంటేజీలు చూపించకు. ముసలమ్మల పక్కన కూర్చో. ఎవరి పిల్లవే అని అడుగుతారు; ముసలమ్మలం ఎక్కడైనా అడిగేది అదే. మీ నాన్న పేరు చెప్పు. డెనీస్ పేరు చెప్పు. సుధ పేరు చెప్పు. ఇంకా వింటూ ఉంటే, నా పేరు కూడా చెప్పు.

నోవై, 16 నవంబర్ 2014.

(సం.) వేమవరపు ఛాయాదేవి

నేను సంతకం చేస్తుండగా కళ్ళారా చూసిన సాక్షులు: పక్కింటి పద్మనాభం, రేణు. వీళ్ళ దగ్గర సంతకాలే తీసుకున్నాను, ఉమ్మి కాదు.