వెనక్కి తిరగని చక్రం

లింబాయత్, మంగళవారం

బిడ్డ నీరజకు లక్ష్మీరాజం దీవెనలు.

ఉధ్నాల నీ సైకిల్ దుకాణంల కొన్న గేర్ల పళ్లచక్రాల క్యాసెట్ నా వెనుక చక్రం నడిమి హబ్ మీద కూర్చుంటలేదు. మనవరాలు తేజశ్రీకి వచ్చే నెల సైకిల్ పోటీ. "తాత చేసిన బండే ఎక్కుత" అన్నది. గల్లీ అంతా చెప్పుకున్న. ఇప్పుడు మొఖం ఏడ పెట్టుకోవాలె? జర తొందరగ చెప్పు.

నీ గిరాకీ,
లక్ష్మీరాజం

తా.క. ఫోన్ చెయ్యకు. బట్ట నేసే సాంచల చప్పుడుకు చెవులు ఎన్నడో పోయినయి. గోపాల్ ఆటోల జవాబు పంపు.


ఉధ్నా, బుధవారం

పెద్దయ్యకు నమస్కారాలు.

క్యాసెట్ కొత్త రకం, మీ హబ్ పాత రకం. వాటి గాడి కలవదు. హబ్ మార్చి ఇస్తాను, తీసుకురండి. మీకు దండం పెడతాను, ఆకురాయి మాత్రం పట్టకండి.

ఇట్లు,
నీరజ

తా.క. ఆదివారం అమ్రోలిలో పెద్దల సైకిల్ పందెం. మజ్జిగ మా దుకాణమే పంపుతోంది. మీరూ వెళ్లండి.


లింబాయత్, శుక్రవారం

నీరజకు,

ఆకురాయి పట్టిన. కూర్చున్నది. సాంచ చక్రం సరిపోకుంటే మేము దుకాణానికి ఉరుకుతమా?

కానీ ఇంకో లోపం దొరికింది. పెడల్ వెనక్కి తిప్పితే చక్రం వెనక్కి పోతలేదు. సాంచల పోగు తెగితే వెనక్కి తిప్పుతం, గుడ్డ గూడ వెనక్కి వస్తది. గిదేం మాల్? దీని మీద పిల్లను ఎట్ల ఎక్కియ్యాలె?

లక్ష్మీరాజం

తా.క. ఆ లోపం గూడ సరిజేసిన. క్యాసెట్‌ను హబ్‌ను కలిపి వెల్డింగ్ కొట్టిచ్చిన.

ఇంకో మాట. ముసలోళ్ల పందానికి నన్నెందుకు పిలుస్తవు?


ఉధ్నా, శనివారం

పెద్దయ్యా,

అది లోపం కాదు! వాలులో కాళ్లు ఆపినా బండి సాగాలని అలా చేస్తారు. ఇప్పుడు చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. తాపీ నది వంతెన దిగేటప్పుడు తేజశ్రీ కాళ్లు విరుగుతాయి. ఎవరినీ ఎక్కనివ్వకండి! వెంటనే జవాబు రాయండి.

నీరజ

తా.క. బ్రేకులైనా బిగించారా?


లింబాయత్, సోమవారం

బిడ్డా నీరజా,

నీ ఉత్తరం నిన్న పొద్దుగూకినంక ఇచ్చిండు గోపాల్. అప్పటికే అయ్యేది అయింది.

సాంచ బాగుజేసినోడు మొదటి గజం తనే నేసి చూస్తడు. అది మా పద్ధతి. అందుకే పిల్లకంటే ముందు నేనెక్కిన. వంతెన ఎక్కేదాక మంచిగనే ఉండె. దిగుడు మొదలైనంక కాళ్లు నావి కావు. లుంగీ గాలికి లేచింది. అమ్రోలిల రోడ్డుకు రెండు దిక్కుల జనం చేతులూపిన్రు. తిడుతున్నరనుకున్న. ముందున్న ముసలోళ్లందరు ఒక్కొక్కలు నా ఎనుకకు పోయిన్రు. ఛాతికి ఏదో పట్టీ తగిలి తెగింది. అయినా కాళ్లు ఆగలే. నీ మజ్జిగ కుండలే ఆపినయి.

లేపి మెడల దండేసిన్రు. ఆగరాక గెలిచిన్నని ఎవరికీ చెప్పకు.

తేజశ్రీ నా మోకాళ్లకు నూనె రాసుకుంట ఏడ్చింది. బండి పంపుతున్న. హబ్, క్యాసెట్ నీకు తోచినట్టే బిగించు. పిల్ల ఆపాలనుకున్నప్పుడు కాళ్లు ఆగాలె.

నీ మాట వినని
లక్ష్మీరాజం

తా.క. బ్రేకులు ఆఖరికి బిగిద్దామనుకున్న.

వెల్డింగ్ చక్రం పారెయ్యకు, వాపస్ పంపు. వచ్చే ఏడు గూడ పందెం ఉన్నదట.